రోజంతా నీడలో ఉన్న కుక్కకు వడదెబ్బ: కడపలో ఒక లాబ్రడార్ కేసు

ఎండలోకి పంపని కుక్కకు వడదెబ్బ తగలదన్న నమ్మకం కడపలో చాలా ఇళ్లలో గట్టిగా ఉంది. ఈ కేసును ఇంత వివరంగా రాయడానికి కారణం ఆ నమ్మకమే. ఇందులోని కుక్క ఆ రోజు ఒక్క నిమిషం కూడా ఎండలో లేదు. అది కుప్పకూలింది సాయంత్రం, పొద్దు వాలిన తర్వాత. యజమానుల అనుమతి తీసుకుని, వారెవరో తెలిపే వివరాలు వదిలేసి రాస్తున్నాను.

రోగి వివరాలు, జరిగిన సంగతి

బ్రూనో ఆరేళ్ల మగ లాబ్రడార్, నల్ల రంగు. బరువు 41 కిలోలు, అంటే దాని ఒడ్డూ పొడుగుకు ఉండవలసినదానికన్నా ఏడెనిమిది కిలోలు ఎక్కువ. టీకాలన్నీ సకాలంలో వేయించారు, అంతకుముందు పెద్ద జబ్బులేవీ లేవు. యజమానులు ఉద్యోగ విరమణ చేసిన ఉపాధ్యాయ దంపతులు. వారి పెరట్లో మూడు వైపులా గోడలు, పైన సిమెంటు రేకులు, కింద నల్లని కడప బండలు పరిచిన ఒక వసారా ఉంది. బ్రూనో పగలంతా అక్కడే గొలుసుతో ఉంటుంది. దాని కోసమే ఒక స్టాండు ఫ్యాను పెట్టించారు, స్టీలు గిన్నెలో నీళ్లు ఎప్పుడూ ఉంచుతారు. దాన్ని పట్టించుకోని ఇల్లు కాదని చెప్పడానికే ఇదంతా రాస్తున్నాను.

మే నెల మధ్యలో, పగటి ఉష్ణోగ్రత 43 డిగ్రీల సెల్సియస్ దాటిన ఒక రోజున, మధ్యాహ్నం నుంచి ఆ వీధికి కరెంటు లేదు. ఫ్యాను ఆగిపోయింది. కుక్క నాలుక బయటపెట్టి రొప్పుతూనే ఉందని, వేసవిలో అది మామూలే కదా అని అనుకున్నామని ఇంటివారు చెప్పారు. ఆరు గంటలకు, చల్లబడిందనే ఉద్దేశంతో, సెలవులకు వచ్చిన మనవడు గొలుసు విప్పి అదే బండల మీద బంతి ఆడించాడు. పావుగంట గడిచేసరికి కుక్క వెనుక కాళ్లు తడబడ్డాయి, వాంతి చేసుకుని పక్కకు ఒరిగిపోయింది. ఇంటివారు దుప్పటిలాంటి మందపాటి టవల్‌ను తడిపి ఒంటి నిండా చుట్టారు, జ్వరమేమోనని మనుషుల పారాసిటమాల్ మాత్రను సగం నీళ్లలో కరిగించి నోట్లో పోశారు, ఆటో కోసం వెతికి బయలుదేరారు. కూలిన క్షణం నుంచి నా దగ్గరకు చేరడానికి సుమారు నలభై నిమిషాలు పట్టింది.

"నీడలోనే కట్టేసినాం సార్, ఎండలోకి పోనీనేలేదు" అని ఇంటావిడ పదే పదే చెప్పింది. ఆమె చెప్పింది అక్షరాలా నిజం.

చేరినప్పటి పరిస్థితి

మలద్వారంలో థర్మామీటర్ పెట్టి చూస్తే 108.6 డిగ్రీల ఫారెన్‌హీట్, అంటే 42.6 సెల్సియస్ ఉంది. ఆరోగ్యంగా ఉన్న కుక్కకు 101 నుంచి 102.5 వరకు ఉంటుంది. 105.8 దాటి, దానితోపాటు స్పృహలో తేడా కనబడితే వడదెబ్బగానే తీసుకుని చికిత్స మొదలుపెట్టాలి. గుండె నిమిషానికి 190 సార్లు కొట్టుకుంటోంది. చిగుళ్లు ఇటుక రంగులో ఎర్రగా ఉన్నాయి, చొంగ జిగురుగా తీగలు సాగుతోంది. పిలిస్తే కళ్లు తిప్పుతోంది కానీ తల ఎత్తలేకపోతోంది. చుట్టిన టవల్‌ను విప్పినప్పుడు అది నా చేతికి వేడిగా తగిలింది. ఒంటి వేడిని పీల్చుకున్న తడిగుడ్డ కాసేపటికి ఆ వేడిని బయటకు పోనీయని కప్పుగా మారుతుంది. దానిమీద కొత్త నీళ్లూ గాలీ పడకపోతే మేలు కన్నా కీడే ఎక్కువ.

చల్లార్చడం

సెలైన్ కన్నా, ఇంజెక్షన్ల కన్నా ముందు నీళ్లు కావాలి. బ్రూనోను వెనుక వైపు గచ్చు మీద పడుకోబెట్టి, సంపులోని నీటిని మగ్గులతో మెడ, చంకలు, పొట్ట, గజ్జల మీద ఆపకుండా పోయించాను. రెండు వైపులా ఫ్యాన్లు పెట్టించాను. కొళాయి నీళ్లు వాడకపోవడానికి కారణం ఉంది. మే నెలలో మన డాబాల మీది ట్యాంకుల నీళ్లు సాయంత్రం ఏడింటికి కూడా స్నానానికి కాచినట్టు ఉంటాయి, వాటిని కుక్క మీద పోస్తే అసలైన నిమిషాలు వృథా అవుతాయి. సంపు నీళ్లు, బోరు నీళ్లు, కుండ నీళ్లు, కుక్క ఒంటికన్నా చల్లగా ఉన్న ఏ నీళ్లయినా పనికొస్తాయి. ఐసు కోసం పరుగెత్తి ఆలస్యం చేయనక్కర్లేదు. మన ప్రాంతపు పొడిగాలి ఈ ఒక్క విషయంలో మనకు తోడు నిలుస్తుంది. కోస్తా ఉక్కపోతలో కన్నా ఇక్కడ తడి త్వరగా ఆవిరవుతుంది, ఆ ఆవిరితోపాటే వేడీ పోతుంది.

ప్రతి ఐదు నిమిషాలకూ ఉష్ణోగ్రత చూశాం. ఇరవై నిమిషాల్లో 103.5కు దిగింది. అక్కడ నీళ్లు ఆపి, పొడి గుడ్డతో తుడిపించాను. 101 వచ్చేదాకా పోస్తూ ఉంటే, ఆపిన తర్వాత కూడా ఉష్ణోగ్రత దిగుతూనే ఉండి కుక్క చలికి వణికే స్థితికి పోతుంది. వణుకు మళ్లీ వేడిని పుట్టిస్తుంది.

నీళ్లు పోస్తున్నప్పుడే ముందు కాలి సిరలోకి సూది వేసి, ఫ్రిజ్‌లో పెట్టని మామూలు రింగర్ లాక్టేట్ సెలైన్ 600 మిల్లీలీటర్లు ఇరవై నిమిషాల్లో ఎక్కించాం, మాస్కుతో ఆక్సిజన్ ఇచ్చాం. గ్లూకోమీటర్ 52 చూపింది. మనుషుల కోసం చేసిన ఈ పరికరాలు కుక్క రక్తంలో చక్కెరను కొంత తక్కువగా చూపుతాయి. అయినా మందకొడిగా పడి ఉన్న కుక్కలో ఆ అంకెను కొట్టిపారేయడం ప్రమాదం కాబట్టి 25 శాతం డెక్స్‌ట్రోజ్ 40 మిల్లీలీటర్లు నెమ్మదిగా ఇచ్చాను. ఫిట్స్ వస్తే ఇవ్వడానికి డయజిపామ్ పక్కన సిద్ధంగా పెట్టుకున్నాను, దాని అవసరం రాలేదు.

ఇవ్వని మందులు

పారాసిటమాల్, మెలాక్సికామ్ లాంటి జ్వరం మందులు వడదెబ్బలో ఎందుకు పనికిరావో ఇంటివారికి అప్పుడే వివరించాను. జ్వరంలో మెదడే శరీరపు వేడిని ఒక మెట్టు పైన నిలపమని ఆదేశిస్తుంది, మందు ఆ ఆదేశాన్ని తగ్గిస్తుంది. వడదెబ్బలో మెదడు ఆదేశం మామూలుగానే ఉంటుంది, పుట్టిన వేడి బయటకు పోయే దారి మాత్రమే మూసుకుపోతుంది. అందుచేత మాత్ర వేడిని తగ్గించదు, అప్పటికే దెబ్బతిన్న కాలేయం మీదా, మూత్రపిండాల మీదా, పేగుల లోపలి పొర మీదా భారం మాత్రం మోపుతుంది. పైగా సగం స్పృహలో ఉన్న కుక్క నోట్లో ఏది పోసినా ఊపిరితిత్తుల్లోకి పోయి న్యుమోనియా రావచ్చు. బ్రూనో ఛాతీని ఆ అనుమానంతోనే మూడు రోజులు వింటూ వచ్చాను. డెక్సామెథసోన్ కూడా ఇవ్వలేదు. వడదెబ్బ అనగానే స్టెరాయిడ్ పొడిచే అలవాటు మన వైపు ఇంకా ఉంది. దానివల్ల మేలు జరుగుతుందనడానికి ఆధారం లేదు, పేగుల్లో పుండ్లూ రక్తస్రావమూ పెరిగే అవకాశం ఉంది.

తర్వాతి మూడు రోజులు

రాత్రి తొమ్మిదింటికి బ్రూనో లేచి కూర్చుంది, తోక ఆడించింది. ఇంటికి తీసుకుపోతామని దంపతులు అడిగారు. నేను పంపలేదు. వడదెబ్బలో థర్మామీటర్ మామూలుకు రావడం మొదటి ఘట్టం మాత్రమే. 42 డిగ్రీల సెల్సియస్ దాటిన వేడికి రక్తనాళాల లోపలి పొర, పేగుల పొర, మూత్రపిండాల నాళికలు దెబ్బతింటాయి, ఆ నష్టం బయటపడటానికి కొన్ని గంటల నుంచి మూడు రోజుల దాకా పడుతుంది. ఇజ్రాయెల్‌లో వడదెబ్బతో ఆసుపత్రిలో చేరిన 54 కుక్కల వివరాలు 2006లో ప్రచురితమయ్యాయి, వాటిలో సగం చనిపోయాయి. చేరడానికి గంటన్నర కన్నా ఎక్కువ ఆలస్యమైనవి, ఊబకాయం ఉన్నవి, ఫిట్స్ వచ్చినవి ఎక్కువగా పోయాయి. బ్రూనోకు మొదటిది తప్పింది, రెండోది ఉంది.

చేరిన సాయంత్రం రక్త పరీక్షలో ఎర్రకణాల శాతం 61, అంటే ఒంట్లో నీరు బాగా ఇంకిపోయింది. ప్లేట్‌లెట్లు లక్షా పదివేలు, మూత్రపిండాల పనితీరు చెప్పే క్రియాటినిన్ 1.9. స్లైడు మీద ప్రతి వంద తెల్లకణాలకు తొమ్మిది చొప్పున కేంద్రకం ఉన్న ఎర్రకణాలు కనిపించాయి. ఇవి ఎముక మజ్జలోంచి ముందే బయటకు నెట్టబడిన పసికణాలు. వడదెబ్బ తీవ్రతను చెప్పే గుర్తుల్లో ఇదొకటి, వంద తెల్లకణాలకు పద్దెనిమిది దాటితే బతికే అవకాశాలు బాగా తగ్గుతాయని అదే దేశపు పరిశోధకులు తర్వాత చూపారు. ఖరీదైన యంత్రమేదీ లేకుండా, ఒక సూక్ష్మదర్శిని, ఒక స్లైడు, కాస్త ఓపిక ఉంటే చిన్న ఊళ్లో కూడా చేసుకోగల పరీక్ష ఇది. తోటి వైద్యులు దీన్ని అలవాటు చేసుకోవాలని నా కోరిక.

మూత్రనాళంలో గొట్టం వేసి గంట గంటకూ కొలిచాం. మొదట వచ్చింది కాఫీ డికాక్షన్ రంగులో ఉంది. మూత్రంలో ముంచి చూసే పరీక్ష పట్టీ రక్తం ఉన్నట్టు చూపింది, కానీ సూక్ష్మదర్శిని కింద ఎర్రకణాలు దాదాపు లేవు. వేడికీ పరుగుకీ దెబ్బతిన్న కండరాల నుంచి వచ్చిన మయోగ్లోబిన్ అనే ప్రోటీన్‌గా దాన్ని భావించి, మూత్రం గంటకు 40 నుంచి 80 మిల్లీలీటర్ల మధ్య నిలిచేలా సెలైన్ వేగాన్ని మార్చుకుంటూ వచ్చాం.

రెండో రోజు ఉదయం రక్త విరేచనాలు మొదలయ్యాయి. చెవుల లోపలా, పొట్ట చర్మం మీదా ఆవగింజంత ఎర్రని చుక్కలు లేచాయి. ప్లేట్‌లెట్లు 48 వేలకు పడ్డాయి, గాజు గొట్టంలో తీసిన రక్తం పదిహేను నిమిషాలైనా గడ్డకట్టలేదు. ఒంట్లో చిన్న నాళాల్లో రక్తం అక్కడక్కడా గడ్డకడుతూ, గడ్డకట్టించే పదార్థాలన్నీ ఖర్చయిపోయి, చివరికి ఎక్కడపడితే అక్కడ కారే దశ ఇది. ఈ కేసు మొత్తంలో నేను ఎక్కువగా భయపడ్డది ఈ ఉదయమే.

ఇక్కడ ఒక వివరణ అవసరం. మన జిల్లాల్లో ఎండాకాలంలో ప్లేట్‌లెట్లు తగ్గిన కుక్క అనగానే ముందు పిడుదుల వల్ల వచ్చే ఎర్లికియా జ్వరమే మనసులో మెదలాలి, అది చాలా సామాన్యం, పైగా రెండూ ఒకే కుక్కలో ఉండొచ్చు. బ్రూనో చెవుల్లో, కాలివేళ్ల సందుల్లో పిడుదులు లేవు, రక్తపు కిట్ పరీక్షలో ఎర్లికియా రాలేదు, పిడుదులే అంటించే బబేసియా అనే రక్త పరాన్నజీవి స్లైడు మీద కనబడలేదు. అన్నిటికన్నా ముఖ్యంగా, ఒక్క రాత్రిలో సగానికి పైగా పడిపోయిన ప్లేట్‌లెట్లు, పక్కనే పసి ఎర్రకణాలు, 108 దాటిన ఉష్ణోగ్రత కలిసి ఒకే వైపు చూపుతున్నాయి. మామూలు జ్వరంలో కుక్క ఉష్ణోగ్రత 106 దాటడం అరుదు. ఇదే కేసు పాలిచ్చే తల్లి కుక్కలో వచ్చి ఉంటే కాల్షియం తగ్గడాన్ని, పొలం దగ్గరి కుక్కలో వచ్చి ఉంటే విషప్రయోగాన్ని కూడా చూడవలసి ఉండేది.

ప్లాస్మా దొరికే జంతు రక్తనిధి మనకు అందుబాటులో లేదు. తెలిసిన వారి ఆరోగ్యవంతమైన మగ జర్మన్ షెపర్డ్ నుంచి 450 మిల్లీలీటర్ల రక్తాన్ని, మనుషులకు వాడే సంచిలోకే తీసి, స్లైడు మీద రెండు రక్తాలూ కలిసి ముద్దకట్టడం లేదని చూసుకుని, నాలుగు గంటల్లో ఎక్కించాం. కుక్కల్లో పుట్టుకతో వచ్చే వ్యతిరేక పదార్థాలు బలంగా ఉండవు కాబట్టి మొదటిసారి ఎక్కించే రక్తం తీవ్రంగా పడకపోవడం అరుదు. తాజా రక్తం ఇచ్చే ప్లేట్‌లెట్లు స్వల్పమే అయినా గడ్డకట్టించే పదార్థాలు అందుతాయి, మన పరిస్థితుల్లో అదే పెద్ద ఆసరా. పేగుల పొర ఊడిపోతున్నందున యాంటీబయాటిక్ ఆ రోజే మొదలుపెట్టాను, అంతకుముందు కాదు.

మూడో రోజు సాయంత్రానికి విరేచనాల్లో రక్తం తగ్గింది. క్రియాటినిన్ రెండో రోజు 2.3కు పెరిగి, మూడో రోజు 1.4కు దిగింది. కాలేయం దెబ్బతింటే రక్తంలో పెరిగే ఏఎల్‌టీ 640 వరకు పోయింది. నాలుగో రోజు పెరుగన్నం తింది, ఆరో రోజు ఇంటికి పంపాను.

నీడ ఎందుకు కాపాడలేదు

కుక్కకు అరికాళ్ల మెత్తల్లో తప్ప చెమట పట్టదు. చుట్టూ ఉన్న గాలీ నేలా దాని ఒంటికన్నా చల్లగా ఉన్నంతసేపు చర్మం నుంచి వేడి నేరుగా పోతుంది. పరిసరాల వేడి ఒంటి వేడితో సమానమైతే ఆ దారి మూసుకుపోయి రొప్పడం ఒక్కటే మిగులుతుంది. రొప్పడం కూడా కండరాల పనే, అదీ కొంత వేడిని పుట్టిస్తుంది. కాబట్టి మధ్యాహ్నమంతా రొప్పుతున్న కుక్క విశ్రాంతిగా పడుకున్నట్టు కాదు, గంటల తరబడి పని చేస్తున్నట్టు.

డిశ్చార్జి తర్వాత ఒక సాయంత్రం ఆ ఇంటికి వెళ్లి, ఆరు గంటలకు వసారాలో గోడ థర్మామీటర్ వేలాడదీసి చూశాను. వీధిలో 38 డిగ్రీల సెల్సియస్ ఉండగా రేకుల కింద 41 చూపింది. నల్ల రాయి పగటి వేడిని లోతుగా దాచుకుని, పొద్దు పోయాక కూడా గంటల తరబడి బయటకు వదులుతూనే ఉంటుంది. పైన రేకు, పక్కన పడమటి గోడ అదే పని చేస్తున్నాయి. మూడు వైపులా మూసిన చోటకు గాలి రాదు. ఆ వసారాలో బ్రూనో మూత పెట్టిన పెనంలో ఉన్నట్టే ఉంది. వేపచెట్టు నీడ అలాంటిది కాదు. ఆకులు నీటిని ఆవిరిగా వదులుతాయి, కింద మట్టి ఉంటుంది, నాలుగు వైపులా గాలి ఆడుతుంది. వీధికుక్కలు మధ్యాహ్నం రేకుల కింద పడుకోకుండా కాలువ పక్కన తడి ఇసుకను తవ్వుకుని పొట్ట ఆనించి పడుకోవడం మనం రోజూ చూసేదే.

దీనికి బ్రూనో సొంత కారణాలు తోడయ్యాయి. కొవ్వు పొర వేడిని లోపలే పట్టి ఉంచుతుంది, లాబ్రడార్ బొచ్చు రెండు పొరలది, ఆ జాతి ఆడమంటే ఆగదు. బంతి కనబడితే తన అలసటను అది లెక్కచేయదు. బ్రిటన్ వంటి చల్లని దేశంలో కూడా కుక్కల వడదెబ్బల్లో నాలుగింట దాదాపు మూడొంతులు పరుగు, నడక వంటి శ్రమ వల్లే వస్తున్నాయని 2020లో వెలువడిన పరిశీలన చెబుతోంది. మధ్యాహ్నమంతా వేడి నిండిన ఒంటికి ఆ పావుగంట ఆట చాలింది. పగ్, బుల్‌డాగ్, షీట్జూ లాంటి చప్పిడి ముక్కు కుక్కలకైతే ఆట కూడా అక్కర్లేదు, వాటికి రొప్పే మార్గమే ఇరుకు.

ఇంట్లో చేయించిన మార్పులు

ఫ్యాను ఒక్కదాని మీద ఆధారపడే ఏర్పాటు కరెంటు పోయిన రోజున కూలిపోతుంది కాబట్టి, కరెంటు అవసరం లేని మార్పులే ముందు చేయించాను. వసారా పడమటి గోడలో పెద్ద జాలీ పెట్టించారు. రేకుల మీద కొబ్బరి మట్టలు పరిచి మధ్యాహ్నం రెండుసార్లు నీళ్లు చల్లుతున్నారు. పెరట్లోని కానుగ చెట్టు కింద ఇసుక పోయించి తడుపుతున్నారు, బ్రూనో ఇప్పుడు ఎక్కువసేపు అక్కడే ఉంటుంది. బండల మీద పడుకోకుండా పాత నులక మంచం వేశారు, కింద నుంచి కూడా గాలి తగులుతుంది. స్టీలు గిన్నె తీసేసి వెడల్పాటి మట్టి తొట్టి పెట్టారు. గొలుసు పూర్తిగా మానేశారు, ఎందుకంటే చల్లని చోటును వెతుక్కునే తెలివి కుక్కకు ఉంది, దాన్ని కట్టేయకపోతే చాలు.

నడక ఉదయం ఆరున్నర లోపే ముగియాలి. సాయంత్రం నడకను మే, జూన్ నెలల్లో వద్దన్నాను. చేతి వెనుక భాగాన్ని బండ మీద ఏడు సెకన్లు ఆనించి ఉంచలేకపోతే ఆ బండ మీద కుక్కను నడిపించకూడదు. బొచ్చు గొరిగించవద్దు, రాలే లోపలి పొరను దువ్వి తీస్తే సరిపోతుంది. మజ్జిగ ఇవ్వవచ్చు గానీ మన అలవాటు ప్రకారం ఉల్లిపాయ ముక్కలు వేసింది వద్దు, ఉల్లి కుక్కల ఎర్రకణాలను విరగ్గొడుతుంది. ఏసీ గదిలో పగలంతా ఉంచి సాయంత్రం ఒక్కసారిగా వీధిలోకి తీసుకుపోవడం కూడా ప్రమాదమే, వేడికి ఒళ్లు అలవాటు పడటానికి కుక్కకు వారాలు పడుతుంది.

ఫోన్ చేసేవారికి నేను చెప్పే వరుస ఇది. కుక్క తూలినా, చిగుళ్లు ఎర్రబడి చొంగ చిక్కబడినా, రొప్పడం ఆపలేకపోతున్నా ముందు సంపు నీళ్లు పోయండి, గాలి తగిలించండి. స్పృహ బాగా ఉండి తానే తాగితే తాగనివ్వండి, నోట్లో పోయవద్దు. పది నిమిషాలు చల్లార్చాక బయలుదేరండి, దారి పొడవునా తడుపుతూ రండి, ఆటో పక్కల పరదాలు ఎత్తేయండి. లేచి నడుస్తోందని ఆసుపత్రికి రావడం మానవద్దు.

తర్వాతి పరిశీలన

రెండు వారాలకు క్రియాటినిన్, ప్లేట్‌లెట్లు మామూలుకు వచ్చాయి, ఏఎల్‌టీ నెలన్నరకు తగ్గింది. ఏడాదిలో బరువు 34 కిలోలకు దిగింది. ఒకసారి వడదెబ్బ తగిలిన కుక్కకు మళ్లీ తగిలే అవకాశం ఎక్కువ కాబట్టి మరుసటి వేసవి మొదలయ్యే ముందే గుండె, మూత్రపిండాలు, గొంతు పరీక్షించాను. వయసు మీరే లాబ్రడార్లలో స్వరపేటిక పక్షవాతం వచ్చి మొరుగు బొంగురుపోతుంది, ఆ లక్షణం బ్రూనోలో లేదు. రోహిణి కార్తెలో ఒక ఉదయం నడక ముగియగానే ఇంట్లో తీసిన ఉష్ణోగ్రత 102.8 ఉంది, పదిహేను నిమిషాల విశ్రాంతికి 101.9కు వచ్చింది. థర్మామీటర్ వాడటం ఇంటివారికి నేర్పాను, వేసవి నెలల్లో నడక తర్వాత చూసి పుస్తకంలో రాస్తున్నారు. సాయంత్రపు బంతి ఆట వర్షాలు పడేదాకా ఆపే ఉంచారు.